ఇంజన్ ఒక దేశానిది, పెట్టె ఇంకో దేశానిది

(సోషలిస్టు దేశాల ప్రభుత్వ రైలు ఫ్యాక్టరీల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: తూర్పు జర్మనీలో డీజిల్ ఇంజన్లు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉండేదట కదా? మరి సోవియట్ ఇంజన్లు ఎందుకు తెచ్చుకున్నారు? వాటికి అంత చెడ్డపేరు ఎందుకొచ్చింది?

జవాబు: ఫ్యాక్టరీ ఉన్నమాట నిజమే. బెర్లిన్ పక్కనే పోట్స్‌డామ్ బాబెల్స్‌బెర్గ్‌లోని కార్ల్ మార్క్స్ లోకోమోటివ్ కర్మాగారం వీ-180 అనే డీజిల్ ఇంజన్ చేసేది. ఒక్కోదానిలో రెండేసి మోటార్లు, హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్. తీసిపారేయాల్సిన సరుకేం కాదు. అయినా 1970లో దాని తయారీ ఆగిపోయింది. కామెకాన్ పంపకాలే అందుకు కారణం. 1949లో ఏర్పడిన ఈ ఆర్థిక కూటమిలో ఎవరేం చేయాలన్నది పై స్థాయిలోనే తేలేది. ఎక్కువ హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్లు ప్రధానంగా సోవియట్ వాటాకి వెళ్లాయి, ప్రయాణికుల పెట్టెలు తూర్పు జర్మనీకి, ట్రామ్‌లూ షంటింగ్ ఇంజన్లూ చెకోస్లొవేకియాకి వచ్చాయి. బాబెల్స్‌బెర్గ్ వాళ్లు 1976లో ఇంజన్ల పనే వదిలేసి ఎయిర్ కండిషనింగ్ యంత్రాలకు మళ్లారు.

అలా సోవియట్ యూనియన్‌లోని లుగాన్స్క్ ఫ్యాక్టరీ నుంచి దిగింది ఎం-62 ఇంజన్. పన్నెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ మోటారు, 2000 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. 1966 నుంచి 1975 వరకు తూర్పు జర్మనీ రైల్వే 378 తీసుకుంది. మొదట్లో వచ్చినవాటికి సైలెన్సర్ లేదు. ఆ మోతకి జనం పెట్టిన పేరు ‘టైగా డోలు’ (టైగా అంటే సైబీరియా అడవి). ఫిర్యాదులు ముదిరాక సైలెన్సర్లు బిగించారు.

మోత కన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. పెట్టెలకు వేడి పంపే ఏర్పాటు ఈ ఇంజన్‌లో లేనే లేదు. అలాగని లుగాన్స్క్ డిజైనర్లది మతిమరుపూ కాదు. సోవియట్ పెట్టెల్లో దేని బాయిలర్ దానికే ఉంటుంది, ఇంజన్ వేడి ఇవ్వాల్సిన పనిలేదు. జర్మన్ పెట్టెలు మాత్రం ఇంజన్ నుంచి వచ్చే ఆవిరి మీదో కరెంటు మీదో ఆధారపడతాయి. దాంతో చలికాలంలో ఎం-62ని ప్యాసింజర్‌కి కట్టాలంటే వెనక వేడికోసం వేరే బాయిలర్ పెట్టె తగిలించాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన 3000 హార్స్‌పవర్ 130 తరగతిని గంటకు 140 కిలోమీటర్లకు తయారుచేశారు, దానిలోనూ హీటింగ్ లేదు! ఎక్స్‌ప్రెస్‌లు లాగాల్సిన ఇంజన్ గూడ్సుకి పోయింది. ఎలక్ట్రిక్ హీటింగ్‌తో 132 తరగతి వచ్చాకే ఆ చిక్కు తీరింది. అవి ఏకంగా 709 తీసుకున్నారు.

బజారులో కొనేవాడైతే హీటింగ్ లేని ఇంజన్‌ని గేటు దగ్గరే తిప్పి పంపేవాడు. ఇక్కడ కొనుగోలు కూడా ప్లానులో భాగమే కాబట్టి రైల్వేకి ఆ వీలు అంతగా లేదు.

ప్రశ్న: ఆ బాయిలర్ ఉన్న సోవియట్ పెట్టెలు ఎక్కడ చేసేవారు? వేడి ఎలా అందేది?

జవాబు: తమాషా ఏమిటంటే, వాటిలో చాలావాటిని చేసింది తూర్పు జర్మనీయే. హాలె నగరం పక్కన ఉన్న అమెండార్ఫ్ ఫ్యాక్టరీ. యుద్ధ నష్టపరిహారం కింద సోవియట్ యాజమాన్యంలోకి వెళ్లి, తర్వాత మళ్లీ జర్మన్ల చేతికొచ్చింది. అక్కడి ముఖ్యమైన సరుకు తొమ్మిది కంపార్ట్‌మెంట్లు, 36 బెర్తులు ఉన్న పెట్టె. పొడవు సుమారు 24 మీటర్లు, వెడల్పు 3.1 మీటర్లు. వెడల్పాటి సోవియట్ పట్టాలకు కొలిచి చేసింది. (ఒక మాట. మనం బోగీ అంటే పెట్టె మొత్తం. ఫ్యాక్టరీలో బోగీ అంటే కింద ఉండే చక్రాల చట్రం మాత్రమే. పట్టాల వెడల్పు మారే సోవియట్-పోలండ్ సరిహద్దు దగ్గర బ్రెస్ట్‌లో పెట్టెని జాకీలతో పైకెత్తి మార్చేది దాన్నే.)

పెట్టెకి ఒక చివర బొగ్గు బాయిలర్. వేడెక్కిన నీళ్లు సీలింగ్‌లోని గొట్టం గుండా వెళ్లి, నేలకి దగ్గరగా గోడ వెంబడి ఉన్న గొట్టాల్లోకి దిగి, చల్లారి బాయిలర్‌కి తిరిగొస్తాయి. తేలికైన వేడినీళ్లు పైకి, బరువైన చల్లనీళ్లు కిందికి, అంతే సూత్రం. తోడుగా ఒక పంపు. తర్వాతి పెట్టెల్లో 3000 వోల్టుల కరెంటుతో కూడా అదే నీళ్లు కాగేలా కాయిల్స్ అమర్చారు.

తేడా వచ్చేది నీటిమట్టం దగ్గర. రాజేసే ముందు పరీక్ష కొళాయి తిప్పి చూడాలి. నీళ్లు కారితే సరే, కారకపోతే చేతిపంపుతో నింపాలి. మట్టం తగ్గితే సీలింగ్ గొట్టంలో ప్రవాహం తెగిపోతుంది. అప్పుడు బాయిలర్ సలసల మరుగుతూనే ఉంటుంది, పెట్టె మాత్రం గడ్డకడుతుంది. అలాంటప్పుడు కరెంటు పెడితే కాయిల్స్ కాలిపోతాయి. మైనస్ ముప్ఫైలో మంట ఆరిపోయి మళ్లీ అంటుకోకపోతే ఇక ఆలోచించకుండా నీళ్లన్నీ వదిలేయాలి, లేదంటే గొట్టాలు పగులుతాయి. ముందుగా బిగుసుకుపోయేవి మరుగుదొడ్డి గొట్టాలు. తుప్పు మొదలయ్యేదీ ఆ నేల కిందే.

ప్రశ్న: చెకోస్లొవేకియా టాట్రా ట్రామ్‌లు అసలు అమెరికా డిజైన్ అంటారు, నిజమేనా?

జవాబు: మూలం అదే. పీసీసీ అనే అమెరికన్ ట్రామ్ లైసెన్సు కొని, ప్రాగ్‌లో 1951లో టీ-1, 1955లో టీ-2, 1960లో టీ-3 మొదలుపెట్టారు. టీ-3లు దాదాపు 14 వేలు తయారైతే, 11 వేలకు పైగా సోవియట్ యూనియన్‌కే వెళ్లాయి. వెడల్పు 2.5 మీటర్లు. అది పట్టని ఇరుకు వీధుల కోసం 2.2 మీటర్ల టీ-4 చేశారు. అది తూర్పు జర్మనీకి చేరేసరికి గోథాలోని ట్రామ్ ఫ్యాక్టరీ ఆ పనికి స్వస్తి చెప్పింది.

ఈ టాట్రా ట్రామ్‌లకు గుండెకాయ యాక్సిలరేటర్. పళ్లెంలా గుండ్రంగా పేర్చిన రాగి కాంటాక్టులు, మధ్యలో తిరిగే రోలరు. రోలరు ఒక్కో కాంటాక్టునే నొక్కుతూ, కరెంటుకి అడ్డుపడే రెసిస్టెన్సులను తప్పిస్తుంది. మెట్లు చాలా ఎక్కువ కాబట్టి బండి కుదుపు లేకుండా అందుకుంటుంది. బయలుదేరిన ప్రతిసారీ సరిగ్గా ఒకే వేగం దగ్గర కుదుపు వస్తోందంటే ఆ చోటి కాంటాక్టు కాలిందన్నమాట. నెమ్మదిగా పాకించడం దీనికి పడదు, రెసిస్టెన్సులు కాగిపోతాయి. వేగం అందుకోవాలి, పెడల్ వదిలేసి జారనివ్వాలి.

ప్రశ్న: పాత ఫొటోలో ఇంజన్ నంబరు చివర గీత తర్వాత ఒక అంకె ఉంది. అదేమిటి?

జవాబు: 1970 నుంచి తూర్పు జర్మనీ ఇంజన్లకు వేసిన సరిచూపు అంకె. రాసేటప్పుడు తప్పు దొర్లితే పట్టుకోవడానికి. 120 338 తీసుకోండి. అంకెల్ని వరసగా 1, 2, 1, 2, 1, 2తో గుణిస్తే 1, 4, 0, 6, 3, 16 వస్తాయి. 16ని విడగొట్టి 1, 6గా కూడాలి. మొత్తం 21. పై పదుల సంఖ్య 30కి ఎంత తక్కువ? 9. కాబట్టి ఫొటోలో 120 338-9 అని ఉండాలి. వేరే అంకె ఉంటే చిత్తుగా రంగేసిన బొమ్మ మోడల్ అయినా అయ్యుండాలి, లేదా మీరు 3ని 8గా చదివి ఉండాలి.