వేలి రక్తంలో 218, పరగడుపున 109.. నాకు షుగర్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. వయసు 46. ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో మధ్యాహ్నం వేలికి గుచ్చి చూసి షుగర్ 218 ఉందన్నారు. వారం తర్వాత పీహెచ్‌సీలో పరగడుపున రక్తం తీస్తే 109 వచ్చింది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1, హిమోగ్లోబిన్ 8.4. అతి దాహం, మాటిమాటికీ మూత్రం లాంటివి లేవు. మాత్రలు మొదలుపెట్టాలా?
– ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: ఇప్పుడే వద్దండీ. అలాగని షుగర్ లేదని కూడా ఈ కాగితాలతో తేల్చలేం. మీ మూడు అంకెల్లో ఒక్కదాన్నీ గట్టిగా నమ్మలేని పరిస్థితి, దానికి పెద్ద కారణం మీ రక్తహీనత.

వేళాపాళా లేకుండా చూసిన షుగర్ 200 దాటితే, దాహం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు కూడా ఉన్నప్పుడే వ్యాధి అని ఖాయం చేస్తాం. పైగా రక్తం పలచబడ్డవారిలో గ్లూకోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పనసతొనలు తిన్న చెయ్యి సబ్బుతో కడక్కుండా గుచ్చినా అంతే. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తేమకు పాడై తప్పు అంకెలిస్తాయి. మీటరు అనుమానితులను ఏరడానికే. దాని అంకె చూసి మాత్రలు రాసేయకూడదు.

109 సంగతి వేరు. తీసిన రక్తాన్ని అలాగే ఉంచితే అందులోని కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు వాడేసుకుంటాయి. 130 ఉన్నది రెండు గంటల్లో 115 దగ్గరికి దిగుతుంది. బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ గొట్టంలో తీసినా మొదటి గంట, రెండు గంటలు ఈ తరుగుదల పూర్తిగా ఆగదు. ఐస్ మీద పెట్టాలి, లేదా అరగంటలోపే ప్లాస్మా (కణాలు తీసేసిన ద్రవభాగం) వేరు చేయాలి. హెచ్‌బీఏ1సీ అయితే ఐరన్ లోపంలో పెరిగి, రక్తస్రావం, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో తగ్గి కనబడొచ్చు.

అందుకే ల్యాబు ఉన్న ఆసుపత్రికే వెళ్లి 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించుకోండి. ముందు మూడు రోజులు అన్నం తగ్గించకండి. రాత్రి భోజనమయ్యాక 8 నుంచి 10 గంటలు మంచినీళ్లే తాగాలి. ఉదయం చేతి నరం నుంచి రక్తం తీశాక, 250–300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపిన గ్లూకోజును 5 నిమిషాల్లో తాగేయాలి. తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి రెండు గంటలు లెక్క. అంతసేపూ అక్కడే కూర్చోవాలి, బజారుకు వెళ్లి రావద్దు.

పరగడుపున 126, రెండు గంటలకు 200.. రెండూ ఆ అంకెకు చేరినా, దాటినా షుగరే. ఒక్కటే చేరితే మరో రోజు మళ్లీ చేయాలి. రెండు గంటలకు 140–199 వస్తే అది ముందస్తు దశ.

అదే రోజు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, హిమోగ్లోబిన్ 8.4 కాబట్టి ఇది వాయిదా వేయొద్దు. కిడ్నీలు దెబ్బతిన్నవారు గ్లైబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్ర వాడితే మందు ఒంట్లో నిలిచిపోయి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్‌కైనా కిడ్నీ పనితీరు చూశాకే మోతాదు.

ఈలోగా దాహం ఎక్కువైనా, బరువు తగ్గుతున్నా తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.