అప్ప అంటే అక్కా, నాన్నా?

మలేషియాలోని పేరాక్ రాష్ట్రం నుంచి ఒకాయన రాశారు. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు పనికి వెళ్లారట. భార్య తమిళావిడ. ఇంట్లో తమిళం, పాపకు బడిలో మలయ్. ‘తెలుగు రాని పిల్ల నాకు మనవరాలేంటి’ అని నాన్నగారి కోపం. నిరుడు ఆంధ్రా వస్తే హోటల్లో ఈయన తెలుగు విని నవ్వారు. ‘అక్కడ తమిళుణ్ని అనుకుంటారు, ఇక్కడ పరాయివాణ్ని అనుకున్నారు. నేనెవర్ని?’ అని అడుగుతున్నారు.

ముందు హోటల్ సంగతి. ‘కూడు ఉందా’ అని అడిగారు, సర్వరు నవ్వాడు. అది మీ ముత్తాత ఓడెక్కిననాడు వెంట తీసుకెళ్లిన మాట. మేం దాన్ని మోటు అనుకుని వదిలేసి ‘రైస్’ అంటున్నాం. నవ్వాలంటే మమ్మల్ని చూసి నవ్వాలి!

పాప బడిలో నేర్చుకొచ్చిన ‘బహాస జివా బంగ్సా’ మిమ్మల్ని గుచ్చిందన్నారు. జాతికి ప్రాణం భాషేనని దాని భావం. ఆ మూడు మాటలూ సంస్కృతం నుంచి వెళ్లినవే: భాష, జీవ, వంశ. మన వంశమే అక్కడ బంగ్సా అయి, జాతికీ దేశప్రజలకీ కూడా అదే పేరయింది. మీ తికమక ఆ మాటలోనే ఉందండీ. మీరు మలేషియా దేశస్థులు. అది చెప్పుకోవడానికి ముత్తాతకు క్షమాపణ చెప్పక్కర్లేదు.

భారత పౌరసత్వం గురించి కూడా అడిగారు. మన దేశం జంట పౌరసత్వం ఒప్పుకోదు. విదేశాల్లో పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుకి మునిమనవలకు కూడా అర్హత ఉంది గానీ, కాగితాలు దొరకాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. కాబట్టి పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా పేరుతో, 1936కి ముందువైతే గంజాం జిల్లా పేరుతో కూడా వెతకండి. కార్డు వస్తే రాకపోకలు సులువవుతాయి, అంతే.

నాన్నగారు 1955లో పుట్టారన్నారు. అక్కడి తెలుగువాళ్లు మలయా (మలేషియాకు ముందున్న దేశం) ఆంధ్ర సంఘం పెట్టుకున్న ఏడాది అది. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆయనకు రెండేళ్లు. ఎస్టేట్లలో తెలుగు బళ్లు మూతపడటం కళ్లారా చూసిన మనిషి. ఆయన కోపం పాప మీద కాదు. కాకపోతే తగులుతున్నది పాపకే. ఆ మాట ఆయనతో విడిగా, పాప లేనప్పుడు చెప్పండి.

ఇంకో సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆవిడ ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు! తమిళం పాపకు అమ్మ భాష. తెలుగు దానికి పోటీగా వస్తే ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఏం చేసినా ఆమెను అడిగి చేయండి.

పాప మిమ్మల్ని ‘అప్పా’ అంటే నాన్నగారు ‘అప్పంటే అక్కరా!’ అని గసురుతారని రాశారు. చదివి నవ్వుకున్నాను. తమిళంలో నాన్న, మీ నాయనమ్మ మాట్లాడిన శ్రీకాకుళం వైపు తెలుగులో అక్క. పోట్లాట అక్కర్లేదు, దాన్నే ఆటగా మార్చండి. అక్షరాలు తర్వాత దిద్దొచ్చు. ఆదివారం పూట తాతగారి పక్కన కూర్చుని పాప వంటింట్లో వస్తువులు చూపిస్తూ ‘ఇదేటి?’ అని అడగనివ్వండి. ఆయన నీళ్లంటారు, మీ ఆవిడ తణ్ణి అంటుంది, పాప ఆయెర్ అంటుంది. మీరు ఫోన్లో రికార్డు చేస్తూ ఉండండి. తప్పులు మాత్రం దిద్దకండి, నాన్నగారివి కూడా.