ప్రాంతీయ రైళ్ల ఆడిట్‌కు వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ప్రాంతీయ ప్యాసింజర్ రైళ్ల పనితీరు ఆడిట్ నీకు అప్పగించారట. మొదటి రోజే నీ బల్ల మీదికి ఒక శాతం వస్తుంది, 'ఇన్ని రైళ్లు సమయానికి నడిచాయి' అని. కూడికలు తర్వాత చూద్దువుగాని, ముందు ఆ లెక్కలోకి ఏ రైళ్లను రానివ్వలేదో అడుగు.

వెయ్యి రైళ్లు నడవాల్సి ఉంది, 60 రద్దయ్యాయి, నడిచిన 940లో 846 సమయానికి చేరాయి అనుకో. నడిచినవాటితో భాగిస్తే 90 శాతం. నడవాల్సినవాటితో భాగిస్తే 84.6. లవం అదే, హారం మారిందంతే. స్టేషన్‌లో నిలబడ్డ మనిషికి రాని రైలు అన్నిటికన్నా పెద్ద ఆలస్యం. అయినా ఆలస్యాల పట్టికలో దాని జాడ ఉండదు.

పాక్షిక రద్దులు ఇంకా చిక్కు. బాగా ఆలస్యమైన రైలును మధ్యలోనే వెనక్కి తిప్పేస్తారు, లేదా చిన్న స్టేషన్లలో ఆపకుండా పోనిస్తారు. తిరుగు ప్రయాణం సమయానికి మొదలవ్వాలంటే ఒక్కోసారి అదే సరైన పని, రైళ్ల రాకపోకలు నడిపించే కంట్రోలర్‌ను తప్పుపట్టకు. కానీ వదిలేసిన ప్రతి స్టేషన్నూ వైఫల్యంగా రాశారా? అదే నీ ప్రశ్న.

ఎన్ని నిమిషాల వరకు ఆలస్యం కాదంటారో రైళ్లు నడిపేవాళ్లతో చేసుకున్న ఒప్పందంలో చూడు. స్విట్జర్లాండ్‌లో మూడు నిమిషాల లోపు, జర్మనీలో ఆరు నిమిషాల లోపు అయితే సమయానికి వచ్చినట్టే. అందుకని దేశాల శాతాలను పక్కపక్కన పెట్టిన పట్టిక ఎవరైనా చూపిస్తే పక్కన పడెయ్. ఆ నిమిషాల హద్దు పక్కన రైళ్లు ఎలా పోగయ్యాయో చూడడమే ఎక్కువ పనికొస్తుంది. హద్దు ఐదు నిమిషాలైతే, నాలుగో నిమిషంలో చేరినవి గుంపుగా ఉండి ఆరో నిమిషంలో చేరినవి ఒక్కసారిగా తగ్గిపోతే, అక్కడ సమయాలను ఎవరో చేత్తో దిద్దుతున్నారేమో వెతకాలి.

చివరి స్టేషన్‌లో మాత్రమే కొలిచే చోట టైంటేబుల్‌నే తనిఖీ చెయ్యి. ఆఖరి రెండు స్టేషన్ల మధ్య దూరానికి, చివరి స్టేషన్ నుంచి బయల్దేరే రైలుకు 11 నిమిషాలు, అక్కడికి చేరే రైలుకు 17 ఇచ్చారంటే ఆ ఆరూ చాలావరకు ఆలస్యాన్ని మింగడానికి పెట్టినవే. ఎత్తుపల్లాలు, ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోవడం లాంటి కారణాలుంటే వాళ్లనే చూపించమను. మధ్య స్టేషన్లలో దిగేవాళ్లకు ఆ అదనపు సమయంతో ఒరిగేదేమీ లేదు.

లెక్కలకు మూలం ఏమిటో వెతుకు. ఏ తేదీ ఏ రైలో లాటరీ పద్ధతిలో ముప్పై నలభై తీసుకుని, నెలవారీ నివేదికను, గార్డు రాతలను, సిగ్నల్ యంత్రం రికార్డును మూడింటినీ సరిచూడు. యంత్రం చెప్పేదీ రైలు ఆగిన సమయం కాదు, ప్లాట్‌ఫాంకు ముందు ఏదో ఒక చోటు దాటిన సమయం. దానికి కొన్ని సెకన్లు కలుపుతారు. ఎంత కలుపుతున్నారు, ఎప్పుడు నిర్ణయించారు? గడియారం పట్టుకుని వెళ్లి నువ్వే కొలువు. 'మా చేతిలో లేని కారణం' అని లెక్కలోంచి తీసేసిన రైళ్లకు అనుమతి ఏ తేదీన ఎవరిచ్చారో చూడు. అన్నీ నెలాఖరున ఒకే సంతకంతో ఉంటే ఒక్కోటీ విప్పాల్సిందే.

ఇక యాజమాన్యం. మాటలు వినేముందు డిపోకు వెళ్లు. రేకులు, అంటే ఒక రైలుగా కలిపి నడిపే కోచ్‌ల వరుసలు, 24, ఉదయం రద్దీకి కావాల్సినవి 21, మరమ్మతులో 2 ఉన్నాయనుకో. మిగిలింది ఒకటే. నడిచేవాటిలో రెండు చెడిన రోజు రైలు రద్దవుతుంది, లేదా సగం కోచ్‌లతో నడుస్తుంది. సగం కోచ్‌ల రైలు సమయానికే వస్తుంది, జనం తలుపుల దగ్గర వేలాడుతుంటారు, నివేదిక మాత్రం పచ్చగా ఉంటుంది. అందుకే కోచ్‌ల సంఖ్య విడిగా అడుగు. ఒక రేకు నుంచి విడిభాగాలు పీకి ఇంకో రేకుకు బిగించిన రాతలు, చక్రాలు చెక్కే యంత్రం దగ్గర వరుస, వాయిదా పడ్డ మరమ్మతులు చూడు. రేపటి రద్దులు అక్కడ ముందే కనబడతాయి. రద్దులు ఆదివారాల్లో, సెలవుల్లో గుమికూడితే బండ్లను వదిలి డ్రైవర్ల డ్యూటీ చార్టు తియ్యి, ఓవర్‌టైం మీద ఆధారపడి నడుపుతుండొచ్చు. ట్రాక్ మీద తాత్కాలిక వేగ పరిమితుల జాబితాలో ఎత్తేసే తేదీ లేనివి ఏరు.

జరిమానాలకు మూడు గడులు చాలు: పడాల్సింది, అడిగింది, వసూలైంది. తేడా ఉన్నచోట మాఫీ ఉత్తర్వు చూపించమను. కిలోమీటరు ఖర్చు దగ్గర ఎక్కువ రోజులు పెట్టకు, ఉమ్మడి ఖర్చులను ఏ సూత్రంతో పంచారో తెలిశాకే దానికి అర్థం.

నివేదికలో ఒక్కో లోపం మీద పేరా రాసేటప్పుడు ఉండాల్సింది, ఉన్నది, ఎందుకలా, ఫలితం, నాలుగూ ఉండాలి. చాలామంది మూడోదాన్ని ఎగ్గొడతారు. సమావేశాల మినిట్స్, అంటే అక్కడి చర్చల రాతలు, వరుసగా చదివితే ఒకే అంశం నెలనెలా 'పరిశీలనలో ఉంది' అని కనిపిస్తుంది, కారణం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. ట్రాక్ ఒకరిది, రేకులు ఇంకొకరివి, టైంటేబుల్ మరొకరిది అయినప్పుడు 'సమన్వయం పెంచాలి' అని రాస్తే ఎవరూ కదలరు. ప్రతి సిఫార్సుకు ఒక అధికారి హోదా, ఒక గడువు పెట్టు.

ముసాయిదా బయటికి పంపేముందు అంకెలను కంట్రోల్ రూంలో రాత్రి డ్యూటీ వాళ్లకు ఒకసారి చూపించు. ఏది తప్పో ఆర్థిక విభాగం కన్నా వాళ్లే ముందు చెబుతారు.

ఇట్లు,
నీ పెదనాన్న