జన నిండిన చేపలో కొవ్వు ఏమవుతుంది?

ప్రశ్న: వానాకాలం మొదట్లో కొన్న శీలావతిని కోస్తే పొట్ట నిండా జన ఉంటోంది గానీ, మిగతా రోజుల్లో పేగుల చుట్టూ కనిపించే తెల్లని కొవ్వు బాగా తగ్గిపోతోంది. ఇది హార్మోన్ల ప్రభావమేనా? తొండలు, బల్లుల్లోనూ ఇలాగే జరుగుతుందా? మగ హార్మోను ఉంటే ఒళ్లు పెరుగుతుందంటారు, అది నిజమేనా?
– ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: మీరు గమనించింది నిజమే. ఆ కొవ్వులో చాలా భాగం జనలోకే చేరింది. ఎదుగుతున్న గుడ్ల చుట్టూ ఉండే కణాలు ఎస్ట్రడయోల్ అనే ఆడ హార్మోనును తయారుచేస్తాయి. అది రక్తం ద్వారా కాలేయానికి చేరి, కొవ్వునూ భాస్వరాన్నీ కాల్షియాన్నీ మోసుకుపోయే విటెల్లోజెనిన్ అనే ప్రోటీనును పెద్ద మొత్తంలో తయారు చేయిస్తుంది. గుడ్లు ఆ ప్రోటీనును రక్తం నుంచి పీల్చుకుని పచ్చసొనగా మార్చుకుంటాయి. ఇందుకు కావలసిన కాల్షియం కోసం కొన్ని జాతుల చేపలు తమ పొలుసులను సైతం కొంత కరిగించుకుంటాయి. మగచేపలోనూ ఈ ప్రోటీనుకు సంబంధించిన జన్యువు ఉంటుంది గానీ, మామూలుగా నిద్రాణంగా ఉండిపోతుంది. బ్రిటన్ నదుల్లో మురుగునీటి వెంట వచ్చిన ఈస్ట్రోజెన్ల (ఎస్ట్రడయోల్ లాంటి ఆడ హార్మోన్ల) వల్ల మగచేపల రక్తంలోనూ ఇది కనిపించడంతో, 1990ల నుంచి దీన్ని నీటి కాలుష్యానికి గుర్తుగా పరీక్షిస్తున్నారు.

మగ హార్మోను ఉంటే ఒళ్లు పెరుగుతుందన్న మాట మాత్రం అన్ని జాతులకూ వర్తించదు. తిలాపియాలో మగవే త్వరగా పెరుగుతాయి కాబట్టి, చాలా దేశాల హేచరీల్లో పిల్లలకు మిథైల్ టెస్టోస్టెరాన్ అనే కృత్రిమ మగ హార్మోను కలిపిన మేత పెట్టి వాటిని మగవిగా మారుస్తారు. యూరప్ ఈల్ చేపల్లో ఆడవే పెద్దవి.

గుడ్లు పెట్టే సరీసృపాల్లోనూ కాలేయం ఇదే పని చేస్తుంది, పొట్టలోని కొవ్వు దిమ్మలు కరిగిపోతాయి. మగవాటి సంగతి వేరు. అమెరికాలోని ఆరిజోనా కొండల్లో కేథరిన్ మార్లర్, మైకేల్ మూర్ అనే శాస్త్రవేత్తలు వేసవిలో, అంటే సహజంగా మగ హార్మోను టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండే రోజుల్లో, మగ ముళ్లబల్లుల శరీరంలో దాన్ని అమర్చి చూశారు. అవి తమ హద్దులను కాచుకుంటూ ఎక్కువసేపు తిరిగాయి, మేత తగ్గించాయి, కొవ్వు నిల్వలను పోగొట్టుకుని మామూలు బల్లులకంటే ఎక్కువగా చనిపోయాయి. తర్వాతి ప్రయోగంలో పురుగులను అదనపు మేతగా అందిస్తే ఆ నష్టం పూడింది. అంటే హార్మోను స్వయంగా విషమై వాటిని చంపలేదు, అది చేయించిన శ్రమకు తగిన తిండి అందకపోవడమే ప్రాణం మీదికి తెచ్చింది.