పెరటి కుందేళ్లు: తిరుపతి ఎండకు ఏ జాతి ఆగుతుంది, ఏ మేత అరుగుతుంది?

ప్రశ్న: మాది చంద్రగిరి పక్కన ఒక పల్లె. ఇంటి వెనుక మూడు సెంట్ల పెరడు, అందులో ఖాళీగా పడి ఉన్న పాత పశువుల కొట్టం ఉన్నాయి. పోయిన ఏడాది సంతలో నలుపు, తెలుపు మచ్చల కుందేళ్లు ఆరు కొన్నాను. తొమ్మిది నెలలు మేపినా ఒక్కటీ రెండు కిలోలు దాటలేదు. మిగిలిన అన్నం, క్యాబేజీ ఆకులు, బ్రాయిలర్ కోళ్ల దాణా పెట్టేదాన్ని. వాటిలో నాలుగు పారుడు పట్టి వారం రోజుల్లో చనిపోయాయి. ఇప్పుడు ఒకాయన ఫ్లెమిష్ జెయింట్ జత ఇస్తానంటున్నాడు, ఒక్కొక్కటి ఆరు కిలోలు తూగుతుందట. మా ఇంటి వంటకు, నలుగురు అడిగితే ఇవ్వడానికి ఏ జాతి మేలు? వాటికి ఏం పెట్టాలి? (ఒక పాఠకురాలు, చంద్రగిరి మండలం)

జవాబు: అమ్మా, మీకు జరిగిన నష్టాలు రెండు, వాటి కారణాలు వేరు వేరు. బరువు రాకపోవడానికి కారణం జాతి. సంతల్లో అమ్మే మచ్చల కుందేళ్లు చాలావరకు ముద్దుకు పెంచుకునే చిన్న రకాల కలగలుపు, వాటిని ఎంత మేపినా అంతే. చావులకు కారణం మాత్రం మేత. జాతి మార్చి మేత మార్చకపోతే ఈసారి పోయేవి ఖరీదైన కుందేళ్లు అవుతాయి, అంతే తేడా.

ముందు జాతి సంగతి చూద్దాం. ఫ్లెమిష్ జెయింట్ వద్దని నా సలహా. దాని బరువులో ఎముక వాటా ఎక్కువ, ఎదుగుదల నెమ్మది, మేత ఖర్చు అధికం. అంత బరువుతో జాలీ నేల మీద కూర్చుంటే వెనుక కాళ్ల మడమలకు పుండ్లు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది వేడి. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లోని వేడిని చెవుల ద్వారా, వేగంగా పీల్చి వదిలే ఊపిరి ద్వారానే బయటికి పంపుకోవాలి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య సుఖంగా ఉండే ఆ జీవికి 35 దాటితే ప్రాణసంకటం. మన తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం ప్రతి ఏటా చూస్తున్నదే. శరీరం ఎంత పెద్దదైతే వేడిని వదిలించుకోవడం అంత కష్టం కనుక, రోహిణి కార్తెలో మొదట పడిపోయేవి పెద్ద జాతివే.

మాంసానికి మధ్యస్థంగా ఉండే జాతులే తగినవి. న్యూజిలాండ్ వైట్ (పేరు అలా ఉన్నా అది అమెరికాలో తయారైన జాతి) ఒళ్లంతా తెలుపు, కళ్లు గులాబీ రంగు, ఎదిగితే నాలుగు నుంచి ఐదు కిలోలు. తల్లికి పాలు బాగా ఉంటాయి, ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక మాత్రం నల్లగా ఉండే కాలిఫోర్నియన్ కాస్త చిన్నది గానీ తొడలు, నడుము నిండుగా ఉంటాయి. బూడిద రంగు సోవియట్ చించిల్లా కూడా ఆ కోవలోదే. నేనైతే న్యూజిలాండ్ వైట్ ఆడవి రెండు, వాటితో రక్తసంబంధం లేని మగది ఒకటి, అదీ కాలిఫోర్నియన్ దొరికితే దానినే, తెచ్చుకోమంటాను. సంకర పిల్లలు సాధారణంగా కాస్త గట్టిగా ఉంటాయి.

కాగితం మీద రాసిన జాతి పేరు కన్నా, ఆ కుందేలు ఏ ఊళ్లో పుట్టి పెరిగిందన్నది నాకు ముఖ్యం. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి మేలు రకం కుందేలు పిల్లలైనా చలిలో పెరిగినవే కనుక వేసవిలో తేకండి. డిసెంబరు, జనవరి నెలల్లో తెస్తే ఎండ ముదిరేలోగా అలవాటు పడతాయి. మన మైదానంలోనే రెండు వేసవులు దాటిన తల్లికి పుట్టిన పిల్లలు దొరికితే, బరువు ఒక పావు కిలో తక్కువైనా వాటికే నా ఓటు. పెరిగిన వాటిని తామే కొంటామని చెప్పి యూనిట్ల లెక్కన అంటగట్టే వారి మాట నమ్మి పది, ఇరవై ఒకేసారి కొనవద్దు.

ఆడవి రెండే చాలా అన్న అనుమానం రావచ్చు. చూలు 31 రోజులు. వేసవిని వదిలేసి ఏడాదికి నాలుగు ఈతలు, ఈతకు ఐదు పిల్లలు దక్కినా ఏడాదికి నలభై పిల్లలు. పన్నెండు నుంచి పద్నాలుగు వారాల్లో ఒక్కొక్కటి సుమారు రెండు కిలోలు తూగుతుంది, అందులో సగం పైచిలుకు మాంసం. రాగి సంగటిలోకి వారానికొక పులుసు పెట్టుకునే ఇంటికి ఇది సరిపోతుంది. వేసవిని వదిలేయడం ఎందుకంటే, 32 డిగ్రీలు దాటిన వేడి కొన్నాళ్లు తగిలితే మగదాని వీర్యం దెబ్బతిని, తిరిగి కోలుకోవడానికి రెండు నెలల దాకా పడుతుంది. జూన్, జూలై నెలల్లో చూలు నిలవకపోతే చాలామంది ఆడదానిని గొడ్డుదని తీసేస్తారు; తప్పు మే నెల ఎండది.

ఇక మేత. కుందేలు కడుపు కోడి కడుపు కాదు, పీచు మీద నడిచే యంత్రం. చిన్నపేగు చివర ఉండే పెద్ద సంచిలో సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి. అలా తయారైన మెత్తటి పెంటికలను తెల్లవారుజామున కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. వాటి ద్వారానే దానికి బి విటమిన్లు, కొంత మాంసకృత్తులు అందుతాయి కనుక, చూసి అసహ్యించుకుని ఆపవలసిన పని లేదు. మొత్తం మేతలో పీచు 14 శాతానికి తగ్గి పిండి పదార్థం పెరిగితే ఆ సంచిలో చెడు సూక్ష్మజీవులు ప్రబలి పారుడు పడుతుంది. మీరు పెట్టిన అన్నం చేసిన పని అదే. తల్లి నుంచి వేరు చేసిన మొదటి రెండు, మూడు వారాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. క్యాబేజీ కడుపు ఉబ్బరం తెస్తుంది. బ్రాయిలర్ దాణా మరీ ప్రమాదం: కోళ్ల రక్తపారుడు రాకుండా అందులో కలిపే సాలినోమైసిన్, నరాసిన్ వంటి మందులు కోళ్లకిచ్చే మోతాదులో కుందేళ్లకు విషం.

కాబట్టి ఎండు మేత ఎప్పుడూ బుట్టలో ఉండాలి. మన వైపు దానికి వేరుశనగ కట్టెను మించినది లేదు, అయితే వానలో తడిసి బూజు పట్టినది ముట్టనీయకండి. పచ్చిమేతగా అవిశాకు, మునగాకు, అలసంద తీగలు, దశరథ గడ్డి, లూసర్న్, గరిక ఏవైనా పెద్దదానికి రోజుకు 300 గ్రాముల దాకా పెట్టవచ్చు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక పచ్చిమేతలో ఐదో వంతుకు మించనీయవద్దు. కోసిన పచ్చిమేతను రెండు గంటలు నీడలో వాడ్చి సాయంత్రం పెట్టండి. కుందేలు తిండి ఎక్కువగా రాత్రిపూటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో తడి గడ్డి అలాగే వేయడం, గడ్డిని బోను నేల మీద పరచడం రెండూ కాక్సీడియా (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి) రోగానికి దారి తీస్తాయి.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. నూరు కిలోలకు గోధుమ పొట్టు 35, మొక్కజొన్న నూక 25, నూనె తీసిన తవుడు 19, వేరుశనగ చెక్క 18, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. ఇందులో మాంసకృత్తులు సుమారు 17 శాతం వస్తాయి గానీ పీచు పది శాతం కూడా ఉండదు, కాబట్టి కట్టె, ఆకు లేకుండా ఇది ఒక్కటే పెట్టరాదు. చెక్క కొనేటప్పుడు వాసన చూడండి. ముక్క వాసన వస్తే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు, అది కాలేయాన్ని తినేస్తుంది. చూలు గానీ పాలిచ్చే పని గానీ లేని పెద్దదానికి రోజుకు 50 గ్రాములు, చూలు చివరి పది రోజులు 100, పాలిచ్చే తల్లికి 150 నుంచి 200, ఎదిగే పిల్లకు 30తో మొదలుపెట్టి మెల్లగా 75 గ్రాముల వరకు. నీళ్లు చల్లి పొడి పొడిగా తడపండి, మిగిలినది రెండు, మూడు గంటల్లో తీసేయండి. మేత మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కలుపుతూ వారం పది రోజులు తీసుకోండి. పాలిచ్చే తల్లి పిల్లలతో కలిసి రోజుకు లీటరు నీళ్లు తాగగలదు. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి.

పారుడు మొదలైతే ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, లింకోమైసిన్ వంటివి కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తాయి. దాణా ఆపి ఎండు మేత, నీళ్లు మాత్రం ఉంచి పశువైద్యునికి చూపండి. తిరుపతి పశువైద్య కళాశాల మీకు దగ్గరే.

ప్రశ్న: మాది పలమనేరు వైపు, పట్టు పురుగులు పెంచుతాము. మల్బరీ ఆకు కుందేళ్లకు పెట్టవచ్చా? (ఒక రైతు)

జవాబు: నిరభ్యంతరంగా పెట్టవచ్చు. మల్బరీ ఆకు పొడిబరువులో మాంసకృత్తులు సాధారణంగా 18 శాతం పైనే ఉంటాయి, పైగా పురుగు చచ్చిపోతుందన్న భయంతో మీరే ఆ తోటలో విచ్చలవిడిగా మందు కొట్టరు. పచ్చిమేతలో సగం దాకా మల్బరీ ఇస్తే దాణా మూడో వంతు తగ్గించుకోవచ్చు. పురుగులు తిని వదిలిన ఆకు మాత్రం వద్దు, దాని మీద సున్నం, పడక శుద్ధికి చల్లే పొడి ఉంటాయి. మీ మెట్ట మీద ఎండ తిరుపతి కన్నా తక్కువ కనుక జాతి విషయంలో మీకు వెసులుబాటు ఎక్కువ. సోవియట్ చించిల్లాతో పాటు, వైట్ జెయింట్ అనే తెల్లటి పెద్ద జాతిని కూడా ప్రయత్నించవచ్చు.

ప్రశ్న: మా చేలో చెవులపిల్లి పిల్ల ఒకటి దొరికింది. మా ఇంట్లోని తెల్ల కుందేళ్లతో కలిపితే ఎండకు తట్టుకునే పిల్లలు పుడతాయా? (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: పుట్టవు. చెవులపిల్లి, పెంపుడు కుందేలు చూపుకు దగ్గరైనా వేరు వేరు జీవజాతులు. మొదటిదానికి క్రోమోజోములు 48, రెండోదానికి 44. పెంపుడు కుందేలు పిల్ల వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. చెవులపిల్లి పిల్ల ఒళ్లంతా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. దానిని పట్టి ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అది దిక్కులేనిదని మీరు అనుకుని ఉంటారు. తల్లి పగలంతా పిల్లను ఒంటరిగా పొదలో వదిలి, పొద్దు గూకిన తరువాత వచ్చి పాలిచ్చి పోతుంది. ఈ సాయంత్రమే దొరికిన చోట వదిలేసి, కుక్కలను అటు పోనీయకండి.