పొదుగుకొచ్చిన పెట్టను నీళ్లలో ముంచకండి
పెరటి కోళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాకు ఆరు నాటు పెట్టలున్నాయి, పుంజు లేదు. ఇంట్లోకి గుడ్ల కోసమే పెంచుకుంటున్నాం. ఒక పెట్ట పది రోజులుగా ఖాళీ గంపలోంచి లేవడం లేదు, చెయ్యి పెడితే ఈకలు విచ్చుకుని పొడుస్తోంది. నీళ్లలో నాలుగు ముంచులు ముంచమని, లేదంటే ముక్కులో ఈక గుచ్చమని మా అత్తమ్మ చెప్తున్నది. నాకు చేయబుద్ధి కావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: మీకు చేయబుద్ధి కాకపోవడమే మంచిదైంది, ఆ రెండూ చేయకండి. ముక్కులో ఈక గుచ్చిన పెట్టల్ని చిన్నప్పుడు మా ఊళ్లో చూశాను, ఊపిరి సరిగా ఆడక, తిండి తినక తల విదిలించుకుంటూ తిరిగేవి, కొన్నింటికి ముక్కు దగ్గర పుండు పడేది. అలాగని మీ అత్తమ్మ మాటను పూర్తిగా తీసిపారేయొద్దు, నీళ్ల సంగతిలో ఒక నిజం ఉంది. పొట్ట కింద చల్లబడితే పొదుగు, అంటే గుడ్ల మీద కూర్చోవాలనే పట్టు, దిగుతుంది. ఆ చల్లదనం కోడిని బాధ పెట్టకుండానే ఇవ్వొచ్చు.

గంప, గడ్డి, గుడ్లు పొట్టకు తగులుతున్నంత కాలం దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, అది ఉన్నంత కాలం గుడ్డు పెట్టదు. కింద గుడ్లు లేకపోయినా దానికి తేడా తెలియదు, పుంజు లేని మంద కాబట్టి ఉన్నా పిల్లలు రావు, 21 రోజులు దాటినా అలాగే కూర్చుంటుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, పెట్ట గంపెక్కిన ఒకటి రెండు రోజుల్లోనే పొదగేయాలా, దింపేయాలా తేల్చుకోండి. ఏదీ చేయకుండా చూస్తూ ఊరుకుంటేనే కోడి చిక్కిపోతుంది, రోజుకు ఒక్కసారి లేచి నాలుగు గింజలు తిని, ఇంత పెద్ద రెట్ట వేసి మళ్లీ వచ్చి కూర్చుంటుంది, అంతే కదా దాని తిండి.

మీది ఇప్పటికే పది రోజులైంది కాబట్టి ముందు ఎత్తి రొమ్ము ఎముక తడిమి చూడండి. కత్తి అంచులా చేతికి తగిలితే బాగా తగ్గిపోయిందని అర్థం, అప్పుడు పక్కింటి వాళ్ల దగ్గర పుంజు ఉన్న మంద గుడ్లు తెచ్చి మరో 21 రోజులు కూర్చోబెట్టే ఆలోచన మానుకోండి. దింపడానికి టమాటాలు వచ్చే ప్లాస్టిక్ క్రేటు చాలు. అడుగున రంధ్రాలున్న క్రేటును నాలుగు ఇటుకల మీద పెట్టి, లోపల గడ్డి, గోనె ఏమీ వేయకుండా పెట్టను వదిలి, మీద ఇంకో క్రేటు బోర్లించండి. కింద నుంచి గాలి ఆడాలి, నీడా వెలుతురూ ఉండాలి, మేత, నీళ్లు ఎప్పుడూ ఉండాలి, రాత్రి పిల్లులు, కుక్కలు రాని చోటు కావాలి. మూడు నాలుగు రోజులకు వదిలి చూడండి, నేరుగా గంప దగ్గరికి పరిగెత్తితే ఇంకో రెండు రోజులు ఉంచండి, మిగతా వాటితో కలిసి గీరుకుని తింటే పని అయిపోయినట్టే. గుడ్డు మాత్రం వెంటనే రాదు, రెండు మూడు వారాలు పట్టొచ్చు, అందాకా దాణా తగ్గించకండి. ఇక మీదట గుడ్లు పొద్దున, సాయంత్రం తీసేయండి, గంపలో కుప్ప కనిపిస్తే మిగతా ఐదింటికీ కూర్చోవాలనిపిస్తుంది.

ప్రశ్న: ఏప్రిల్‌లో 15 గుడ్లు పొదగేశాం. నాలుగే పిల్లలయ్యాయి. మూడు గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై చనిపోయింది, మిగతావి మురిగిపోయాయి. కోడి బాగానే కూర్చుంది. ఆ గంపలో వేరే పెట్టలు కూడా వచ్చి గుడ్లు పెట్టేవి. ఇన్ని పాడవడానికి కారణం ఏంటి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. పొదిగే కోడి కింద వేరే పెట్ట గుడ్డు పెడితే ఆ గుడ్డు నాలుగు రోజులో, వారమో వెనకబడి ఉంటుంది. మొదటి పిల్లలు లేచి కిచకిచమనగానే తల్లి వాటిని తీసుకుని గంప దిగిపోతుంది, వెనక గుడ్లు చల్లబడి లోపలే చనిపోతాయి. మీ మూడు గుడ్ల సంగతి చాలావరకు ఇదే అనుకుంటున్నాను. పొదగేసే రోజున ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో గీత పెట్టండి, గీత లేనిది కనిపిస్తే ఆ రోజే తీసేయండి. వీలైతే పొదిగే కోడిని రాత్రిపూట చీకట్లో వేరే గదిలోకి మార్చేయండి, పగలు మారిస్తే గుడ్లు వదిలేసి పాత చోటికి పోతుంది.

రెండోది ఎండ. 15 గుడ్లు పోగవడానికి మీకు రెండు వారాలు పట్టి ఉంటుంది, ఏప్రిల్ వేడిలో వంటింటి గూట్లో పెట్టిన గుడ్డులో పిండం కొంచెం కదిలి ఆగి చచ్చిపోతుంది. ఎండాకాలంలో నాలుగైదు రోజులకు మించిన గుడ్డు పెట్టకండి, చల్లటి చోట కుండలో ఇసుక మీద దాచండి, కడగకండి. మా అమ్మమ్మ గంపలో గుడ్ల పక్కన ఇనుప ముక్క, బొగ్గు పెట్టేది, ఉరుముకు గుడ్లు చెడకుండా. నేను పెట్టను గానీ పెట్టేవాళ్లను వద్దనను, పిల్లలు కావడం మాత్రం గుడ్డు తాజాదనం మీదే ఉంది. మూడోది, చిన్న నాటు పెట్టకు 15 ఎక్కువ, పది పన్నెండు చాలు. అంచున మిగిలినవి చల్లబడతాయి, అది రోజూ తిప్పుకుంటుంది కాబట్టి ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి దెబ్బతింటుంది. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద ఆనించి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాలి, తేటగా ఉన్నవి తీసేయండి.

ప్రశ్న: వనరాజా పెట్టలు రెండేళ్లుగా పెంచుతున్నాం. ఒక్కటీ పొదుగుకు రావడం లేదు. ఏమైనా జబ్బా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: జబ్బు కాదు, టెన్షన్ పడకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది, పొదిగే గుణం చాలా తక్కువ. నాటు పెట్ట ఏడాదికి చాలా తక్కువ గుడ్లు పెట్టడానికి ఈ పొదుగే ఒక పెద్ద కారణం కదా. పిల్లలు కావాలంటే ఒక నాటు పెట్టను తెచ్చుకుని దాని కింద పెట్టండి, గుడ్డు పెద్దది కాబట్టి ఎనిమిది తొమ్మిది చాలు. వచ్చే పిల్లలు అచ్చం తల్లిలా ఎదగవు, అది సంకర రకం, ఆ ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: బాగా పొదుగుతున్న కోడి పన్నెండో రోజున గంప దిగి దూరంగా నిలబడింది, గుడ్ల దగ్గరికి రానంటోంది. దిష్టి తగిలిందంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు రెక్కల కింద, ఆసనం చుట్టూ ఈకలు విడదీసి చూడండమ్మా. పేలు పాకుతుంటే అదే కారణం, రోజంతా కదలకుండా కూర్చున్న కోడిని అవి నిద్రపోనివ్వవు. గంప గడ్డి తీసి కాల్చేయండి, గంపను ఎండలో పెట్టండి, కొత్త గడ్డి కింద బూడిద, ఎండు వేపాకు వేయండి, కోడి పొర్లడానికి పక్కనే బూడిద కలిపిన ఇసుక పోయండి. పేలు మరీ ఎక్కువైతే పశువుల ఆసుపత్రిలో మందు అడగండి, పొలానికి కొట్టే పురుగుమందు చల్లకండి. గుడ్లు వదిలి గంటో రెండు గంటలో అయితే చెడిపోయాయని పారేయకండి, రాత్రి కోడిని మళ్లీ కూర్చోబెట్టి, రెండు రోజుల తర్వాత లైటు పెట్టి చూడండి, లోపల నల్లటి నీడ కదులుతుంటే పిల్ల బతికే ఉంది.