మీ ప్రశ్న – మా జవాబు: లిస్బన్ దాకా వెళ్ళి ఎవోరా చూడకుండా రావొద్దు

ప్రశ్న: మా అమ్మాయి పోర్చుగల్‌లో, లిస్బన్‌లో ఉద్యోగం చేస్తోందండీ, ఏప్రిల్ ఆఖర్లో నేనూ మావారూ పది రోజులకి వెళ్తున్నాం. అందరూ లిస్బన్, సింట్రా, పోర్టో అంటున్నారు. మావారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, పాత రాళ్ళూ కోటలూ చూపిస్తే ఇక అన్నం కూడా గుర్తుండదు. దగ్గర్లో అలాంటి ప్రాంతం ఏదైనా ఉందా? ఆయనకి మోకాళ్ళ నొప్పులు. గుడ్డు తింటాం, మాంసం, చేప తినం.
– బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, మాస్టారి కోసమే ఉన్నట్టుంటుంది. అలెంతేజు అని లిస్బన్‌కి తూర్పున, దక్షిణాన ఉన్న ప్రాంతం, అందులో ఎవోరా అనే ఊరు. లిస్బన్ నుంచి బస్సులోగానీ రైల్లోగానీ గంటన్నర, అంతే. చాలామంది పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు, మీరు మాత్రం అలా చెయ్యకండి, పోర్టో ఈసారికి వదిలేసి మూడు రాత్రులు ఇక్కడే ఉండండి. పది రోజుల్లో దేశమంతా తిరగాలని పరుగెడితే మోకాళ్ళకీ కష్టం, మనసుకీ ఏమీ మిగలదు.

ఊరి నడిబొడ్డున రోమన్ల గుడి ఉంటుంది, సుమారు 2000 ఏళ్ళ నాటిది, ఇంకా 14 స్తంభాలు నిలబడి ఉన్నాయి. అది ఎలా మిగిలిందో మాస్టారికి చెప్పండి, తప్పకుండా ఇష్టపడతారు: మధ్యయుగాల్లో స్తంభాల మధ్య గోడలు కట్టేసి దాన్ని మాంసం కొట్టుగా వాడుకున్నారు, 1836 దాకా అదే పని, ఆ గోడలే దాన్ని కాపాడాయి. మన అమరావతి స్తూపం రాళ్ళని పీకేసి వేరే కట్టడాలకి వాడేశారు కదా, అక్కడ నిలబడితే నాకు అదే గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

సాన్ ఫ్రాన్సిస్కు చర్చిలో ఎముకల గది ఉంది, గోడలూ స్తంభాలూ అన్నీ సుమారు 5000 మంది ఎముకలు, పుర్రెలతో కట్టినవి. శ్మశానాల్లో చోటు చాలక సన్యాసులు చేసిన పని, చూసేవాళ్ళు జీవితం గురించి ఆలోచించాలని. గుమ్మం మీద ‘ఇక్కడున్న మా ఎముకలం మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాం’ అనే అర్థంలో రాసి ఉంటుంది. మీకు కష్టంగా అనిపిస్తే బయట కూర్చోండి, ఆయన్ని పంపండి.

ఊళ్ళోంచి బయటికి సాగే నీటి కాలువ వంతెన ఉంది, 1537లో పూర్తయింది, గోడల లోపల దాని కమానుల మధ్యనే ఇళ్ళు కట్టుకుని జనం ఇప్పటికీ ఉంటున్నారు. 15 కిలోమీటర్ల దూరంలో అల్మెంద్రెస్ అనే చోట చెట్ల మధ్య 95 దాకా నిలువు రాళ్ళు, 7000 ఏళ్ళ పాతవి, ఇంగ్లండ్ స్టోన్‌హెంజ్ కంటే పాతవి. దారిలో బెండు చెట్లు (సీసా మూతల కార్కు వచ్చేది వీటి నుంచే) కనిపిస్తాయి, తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు, ఒలిచిన సంవత్సరం చివరి అంకె కాండం మీద పెయింటుతో రాస్తారు.

మూడో రోజు కారు మాట్లాడుకుని కొండ మీద కోట ఊరు మొన్సరాజ్ వెళ్ళండి. కింద అల్కేవా డ్యామ్ సరస్సు, 250 చదరపు కిలోమీటర్లు. ఆ నీళ్ళ కింద లూజ్ అనే పల్లె ఉంది, 2002లో జనాన్నీ, శ్మశానంతో సహా, కొత్త ఊరికి మార్చారు. నాగార్జునకొండ మునిగి, కట్టడాల్ని అనుపుకీ కొండ మీదకీ మార్చిన కథ మనకి తెలుసు కాబట్టి, ఆ సరస్సు మనకి ఒట్టి సీనరీలా కనపడదు.

ఎవోరాలో వీధులన్నీ రాళ్ళ బాటలే, ఎత్తుపల్లాలు, కాబట్టి పాత ఊరి కోటగోడల లోపలే రూమ్ తీసుకోండి, మెత్తటి బూట్లు తప్పనిసరి. ఏప్రిల్ బాగుంటుంది, జులై ఆగస్టులో అయితే మన రోహిణి కార్తెలాగే 40 డిగ్రీలు దాటుతుంది. తిండికి అసోర్డా అడగండి, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు దంచి, ఆలివ్ నూనె, రొట్టె ముక్కలు వేసి వేడి నీళ్ళు పోసి పైన గుడ్డు పెడతారు, కొత్తిమీర వాసనకే ప్రాణం లేచొస్తుంది. కొన్నిచోట్ల చేప ఉడికించిన నీళ్ళు పోస్తారు, ముందే అడగండి.

ప్రశ్న: వాస్కోడగామాది కూడా ఆ వైపేనా సార్? సమాధి కొచ్చిలో చూశాం, మరి లిస్బన్‌లో కూడా ఉందంటున్నారు.
– పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ నిజమే బాబూ. పుట్టింది అలెంతేజు సముద్రతీరంలో సీనెష్ అనే ఊళ్ళో. 1524లో కొచ్చిలో చనిపోతే అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చారు, 1539లో తీసుకెళ్ళి అలెంతేజులోని విదిగేయిరాలో పెట్టారు, తర్వాత 1880లో లిస్బన్ జెరోనిమోస్ మఠానికి మార్చారు. కేరళ తీరంలో ఆయన చేసిన క్రూరత్వం మర్చిపోకూడదు. అదే పోర్చుగీసు ఓడల మీద మిరపకాయ అమెరికాల నుంచి మన దేశానికి వచ్చిందని కూడా గుర్తుంచుకోండి, అంతకుముందు మనవాళ్ళ కారం మిరియాలు, పిప్పళ్ళలాంటివే.

ప్రశ్న: అలెంతేజు నుంచి ఏం తెచ్చుకోవాలండీ?
– తెనాలి రోడ్డు, గుంటూరు

జవాబు: అలెంతేజులోనే ఉన్న ఎస్త్రెమోజ్ అనే ఊరి మట్టి బొమ్మలమ్మా. చేత్తో చేసి, కాల్చి, రంగులేస్తారు, 2017లో యునెస్కో జాబితాలో చేరాయి. మన కొండపల్లి బొమ్మల పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. చెక్క కాదు కాబట్టి తగిలితే విరుగుతాయి, చీరల మధ్య చుట్టి క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి.